నూట పన్నెండో పేజీలో ఉప్పు

ఆ ఏడాది మా శాఖకు పాఠకుల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు పందొమ్మిదేళ్ళ సర్వీసులో పైనుంచి నాకు వచ్చిన కాగితాలన్నీ బీరువాల గురించి, చెదపురుగుల గురించి, విరిగిన కుర్చీలను రద్దు జాబితాలో ఎలా చూపించాలన్నదాని గురించే. పాఠకుడు అన్న మాట మొదటిసారి నా కంటబడింది జూలైలో వచ్చిన సర్క్యులర్‌లో. అది పదకొండు పేజీలుంది. "పాఠకుని హృదయమే గ్రంథాలయమునకు పునాదిరాయి" అని మొదలుపెట్టి, ఇకమీదట ప్రతి శాఖా గ్రంథాలయమూ ప్రతి కొత్త పుస్తకం మీద ఇరవై అయిదుగురు పాఠకుల అభిప్రాయాలు సేకరించి నెలాఖరులోగా పంపాలని అందులో ఆదేశించారు.

అభిప్రాయం రాయడానికి ఒక ఫారం జతచేశారు. అందులో మూడు గడులున్నాయి. సంతృప్తి, పరిపూర్ణ సంతృప్తి, అపరిమిత సంతృప్తి. వాటి కింద చిన్న అక్షరాల్లో, "పై మూడింటిలో దేనినైనను ఎంచుకొను సంపూర్ణ స్వేచ్ఛ పాఠకునికి కలదు" అని ఉంది. అడుగున ఇంకేమైనా రాయదలిస్తే రాసుకోవడానికి రెండు గీతలు.

సర్క్యులర్ వెనకాలే పుస్తకం వచ్చింది. పేరు "ఫ్రెంచివారి ఇంటివంటలు". శాఖ పెద్దలు గ్రంథాలయాల అధ్యయనానికి ఆ దేశం వెళ్ళినప్పుడు, ఎక్కడో పల్లెటూళ్ళో ఒక ముసలావిడ రాసిన ఈ పుస్తకాన్ని చూసి ముచ్చటపడ్డారట. తిరిగొచ్చి ఒక అనువాద సంఘాన్ని వేసి, తెలుగు చేయించి, శాఖకు ఇరవై అయిదేసి ప్రతుల చొప్పున రాష్ట్రమంతా పంపించారు. మా కడియాలపేట గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాలు రెండంటే రెండున్నాయి. వాటికోసం ఉద్యోగాలు లేని కుర్రాళ్ళు వంతులు వేసుకుంటారు. ఫ్రెంచి వంటలు మాత్రం మనిషికొకటి ఇచ్చినా మిగులుతాయి. ఎందుకంటే మాకు ఇరవై అయిదుగురు మనుషులు లేరు. ఆ కుర్రాళ్ళను తీసేస్తే, పొద్దున పేపరు చూడటానికి వచ్చే నలుగురు పెద్దమనుషులు, ఎండ పెరిగేసరికి ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చే మరో ముగ్గురు. వాళ్ళకు వంటల పుస్తకం చూపిస్తే మొహం పక్కకు తిప్పుకున్నారు.

అబద్ధం చెప్పను. అన్ని ఊళ్ళలో గ్రంథాలయాధికారులు ఏం చేశారో నేనూ అదే చేశాను. సభ్యుల రిజిస్టరు ముందేసుకుని, మూడు మధ్యాహ్నాలు, నాలుగు రంగుల పెన్నులతో, కొన్నిటికి ఎడమచేయి కూడా వాడి, ఇరవై నాలుగు అభిప్రాయాలు రాశాను. ఆ రాతలో పడి చివరికొచ్చేసరికి నాకే హుషారు పుట్టింది. రిజిస్టరులో ముదునూరి నరసరాజు గారి పేరు కనబడింది. తీసుకెళ్ళిన ప్రతి పుస్తకాన్నీ చివరి పేజీదాకా చదివి, అచ్చుతప్పులకు పెన్సిలుతో గీతలు పెట్టి తిరిగిచ్చిన ఏకైక పాఠకుడాయన. పోయి ఆరేళ్ళయింది. ఆయన తరఫున అపరిమిత సంతృప్తి గడిలో గుర్తు పెట్టి, కింద "ఈ గ్రంథము చదివిన పిమ్మట నాకు కొత్త ప్రాణము వచ్చినట్లున్నది" అని రాశాను. రాస్తున్నప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

ఇరవై అయిదోది మాత్రం నేను రాయలేదు. అది వాసంశెట్టి చెల్లాయమ్మ గారిది.

గ్రంథాలయం ఆవరణలో ఉత్తరం పక్క ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఆవిడ పాతికేళ్ళుగా మెస్సు నడుపుతోంది. ఎప్పటివాడో ఒక గ్రంథాలయ అధ్యక్షుడు రాసిచ్చిన అనుమతి ఉత్తరం తప్ప ఆ షెడ్డుకు వేరే ఆధారం లేదు. బస్టాండు దగ్గర కాబట్టి డ్రైవర్లు, కండక్టర్లు, కోర్టు గుమాస్తాలు మధ్యాహ్నం అక్కడే తింటారు. నా భార్య వేరే ఊళ్ళో టీచరు. పదకొండేళ్ళుగా నా మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. చెల్లాయమ్మ గారు ఎనిమిదో తరగతి దాకా చదివింది. మితంగా మాట్లాడుతుంది. కూర బాగుందంటే తల ఊపుతుంది, బాగాలేదంటే ఆగి, ఏం బాగాలేదో అడుగుతుంది.

కుళాయి కారుతోందని చెప్పడానికి వచ్చినరోజు, బల్లమీద పేర్చిన ఇరవై అయిదు పుస్తకాల అట్టలమీద గిన్నె బొమ్మ చూసి అదేమిటని అడిగింది. చెప్పాను. ఒకటి పట్టుకెళ్ళింది. ఇరవై రోజుల తర్వాత పాత పేపరులో చుట్టి తిరిగి తెచ్చింది. ఫారం ఇస్తే నిలబడే రాసిచ్చింది. గడుల జోలికి పోలేదు. కింద రెండు గీతలు చాలక వెనక్కి తిప్పి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

"పుస్తకం బాగుంది. ఆవిడ పద్ధతైన మనిషి. ఉల్లిపాయలు సన్న సెగ మీద ముప్పావుగంట వేయించాలి, తొందరపడకూడదు అని రాసింది. అలాగే చేశాను. నిజమే. కాని 112 పేజీలో ఉల్లిపాయ పులుసులో ఉప్పు వెయ్యమని రాయలేదు. ఆవిడ మర్చిపోయే మనిషి కాదు. తెలుగు రాసినవాళ్ళు వదిలేసుంటారు. నేను వేసుకున్నాను."

నేను "పుస్తకం బాగుంది" వరకు చదివి, మిగతావాటితో కలిపి పిన్ను కొట్టి పంపించేశాను.

సెప్టెంబరు మొదటివారంలో పైనుంచి ఫోను వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద మూడు లక్షల పైచిలుకు అభిప్రాయాలు అందాయి. అన్నీ మూడు గడుల్లో ఏదో ఒకదానిలో ఉన్నాయి. ఏ గడిలోనూ లేనిది ఒకే ఒక్కటి. అది లెక్కలోకి ఎక్కక కంప్యూటరు మొత్తం తేల్చడం లేదు. నూటికి నూరుపాళ్ళు పాఠక సంతృప్తి సాధించినట్టు ప్రకటించే సభకు తేదీ కుదిరింది, ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయి, ముఖ్య అతిథి ఒప్పుకున్నారు. మీ ఊరి చెల్లాయమ్మ ఒప్పుకోలేదు. ఇదీ సారాంశం.

మూడోరోజు ఉపసంచాలకులు నిరంజన చక్రవర్తి గారు జీపులో దిగారు. నా కుర్చీలో కూర్చుని, అసంతృప్త పాఠకురాలు ఎక్కడుందని అడిగారు. పప్పు వడ్డిస్తోందండి అన్నాను. పిలిపించమన్నారు. ఆఖరి బంతి లేచేదాకా ఆవిడ రాదని చెప్పి, మీరూ భోజనం చెయ్యలేదు కదా అని షెడ్డులోకి తీసుకెళ్ళాను. ఆయన వంకాయ కూర రెండుసార్లు, చారు మూడుసార్లు వేయించుకున్నారు. చేయి కడుక్కుని వచ్చి విచారణ మొదలుపెట్టారు.

"చూడమ్మా. శాఖ మీ మనోభావాన్ని గౌరవిస్తుంది. కాని మీ మనోభావం ఏ గడిలోకీ ప్రవేశించడం లేదు."

"గళ్ళ గురించి నేనేం అనలేదండి," అంది చెల్లాయమ్మ గారు. "ఉప్పు గురించి రాశాను."

అది లోపం కాదనీ, అవగాహనా వ్యత్యాసమనీ ఆయన వివరించారు. ఏదైనా కానియ్యండి, ఆ పేజీలో ఒక్క ముక్క రాయించేస్తే సరిపోద్ది కదా అంది ఆవిడ. ఆ మాటకు ఆయన కొంచెంసేపు కళ్ళు మూసుకున్నారు. అనువాద సంఘానికి అధ్యక్షులు స్వయంగా సంచాలకులవారు. సంచాలకులవారి సంఘం ఉప్పు మరిచిపోయిందని రాయాలంటే, అది రాయగల అధికారి సంచాలకులవారికి పైన ఉండాలి. అటువంటి పోస్టు మా శాఖలో లేదు. కాబట్టి ఉప్పు మరిచిపోవడం జరగలేదు. ఇది ఆయన నాకు తర్వాత జీపు దగ్గర నెమ్మదిగా బోధించారు.

వెళ్ళేముందు మిగతా ఇరవై నాలుగు అభిప్రాయాల నకళ్ళు తెప్పించుకుని చదివారు. నరసరాజు గారిది చదవగానే ఆయన మొహం వికసించింది. రాష్ట్రం మొత్తంలో ఇంత లోతైన అభిప్రాయం తాను చూడలేదనీ, ఆయన్ని శాలువాతో సత్కరించాలనీ అన్నారు. ఆయన బయటికి రారండి అని మాత్రం అనగలిగాను. "ఏకాంతవాసి. అటువంటివారే నిజమైన పాఠకులు," అని రాసుకుని వెళ్ళిపోయారు.

పది రోజుల్లో నిజనిర్ధారణ సంఘం వచ్చింది. చక్రవర్తి గారు, విశ్రాంత భాషాచార్యులు శేషావతారం గారు, జిల్లా గణాంకాధికారి ఒకాయన. నాలుగో సభ్యుడిగా నన్ను కలిపారు, టీ కాఫీలు చూసేందుకు. పేపర్ల బల్ల ఖాళీ చేయించి, దానిమీద చెల్లాయమ్మ గారి స్టవ్వే అరువు తెచ్చి పెట్టి, 112వ పేజీలో ఉన్నది ఉన్నట్టు వండించి రుచి చూడాలని నిర్ణయించారు. రాసినదానికి ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా కాకూడదు.

వంట అక్కడే ఆగిపోయింది. పులుసు మీద జున్ను తురిమి వేయవలెను అని పుస్తకంలో ఉంది. జున్ను కావాలంటే ఎక్కడైనా గేదె ఈనాలి. చెల్లాయమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి, అది మన జున్ను కాదండి, బేకరీలో చీజని అమ్ముతారు, నేనదే వేశాను అని చెప్పింది. పుస్తకంలో చీజు అని లేదని చక్రవర్తి గారు పేజీ చూపించారు. పశువైద్యశాలకు లేఖ రాశారు. సంఘం నాలుగు రోజులు ఊళ్ళో మకాం చేసింది. నాలుగూ చెల్లాయమ్మ గారి దగ్గరే తిన్నారు. అయిదోరోజు పక్క ఊళ్ళో ఒక గేదె ఈనిందని కబురొచ్చింది. ఆ ఇంటావిడ జున్ను బెల్లమూ మిరియాలూ వేసి, గిన్నెకు ఆకు కట్టి పంపించింది.

నేను ముప్పావుగంట ఉల్లిపాయలు వేయించాను. నీళ్ళు పోశాను, మరిగించాను, రొట్టెముక్క వేశాను, దానిమీద తియ్యటి జున్ను వేశాను. ఉప్పు వెయ్యలేదు. నాలుగు గిన్నెల్లో పోశాను. అందరూ ఒక్కో చెంచా నోట్లో పెట్టుకున్నారు. గోడమీద నాయకుల పటాల వైపు చూస్తూ గణాంకాధికారి మెల్లగా మింగారు.

శేషావతారం గారు చెంచా కింద పెట్టి, నోరు తుడుచుకుని, శాస్త్రం విప్పారు. వాక్యంలో కనబడకపోయినా అర్థాన్ని బట్టి మనం తెచ్చుకునే పదాన్ని అధ్యాహారం అంటారు. 'రండి' అన్నప్పుడు 'మీరు' అన్న మాట అధ్యాహారం. అదేవిధంగా పులుసు అన్నప్పుడు ఉప్పు అధ్యాహారం. కాబట్టి 112వ పేజీలో ఉప్పు ఉంది. కంటికి కనబడదు, అంతే.

చక్రవర్తి గారు ఊపిరి పీల్చుకున్నారు. గణాంకాధికారి రాసుకున్నారు. చెల్లాయమ్మ గారు కాస్త ఆలోచించి, వెటకారం ఏమీ లేకుండా, తెలుసుకుందామనే అడిగింది.

"ఈ గిన్నెలో కూడా అధ్యాహారమేనాండి?"

నలుగురమూ అపరిమిత సంతృప్తి గడిలో గుర్తుపెట్టాం. ముగ్గురి గిన్నెలూ నిండుగా మిగిలిపోయాయి. నాది మాత్రం ఖాళీ చేశాను. వాళ్ళకంటే నాది చిన్న గ్రేడు.

సంఘం నివేదిక పదిహేను రోజులకు వచ్చింది. ఉప్పు పుస్తకంలో ఉన్నదనీ, దానిని గ్రహించలేకపోవడం పాఠకురాలి వ్యక్తిగత పరిమితి అనీ, ఆమె తన అభిప్రాయాన్ని వారం లోపల స్వచ్ఛందంగానూ తప్పనిసరిగానూ మార్చుకోవాలనీ అందులో ఉంది. దానితోపాటు నా పేరున ఇంకో కాగితం. గ్రంథాలయ ఆవరణలోని రేకుల షెడ్డులో పఠనేతర కార్యకలాపం జరుగుతున్నట్టు శాఖ దృష్టికి వచ్చింది. దాని యజమానురాలు సంతృప్త పాఠకురాలైన పక్షంలో షెడ్డును పాఠక సేవగా పరిగణించవచ్చు. కాని పక్షంలో ఖాళీ చేయించాలి. నోటీసు మీద సంతకం నాది. పద్నాలుగో తేదీన బహిరంగ విచారణ జరుగుతుంది. ఆ రోజు సంతృప్తి చెందిన ఇరవై నలుగురినీ హాజరుపరచాలి. వారు ఆమెకు నచ్చజెబుతారు. నరసరాజు గారికి అదే సభలో సన్మానం.

ఆ కాగితం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. అన్నం సయించలేదు. చెల్లాయమ్మ గారు అది గమనించి, కూర బాగాలేదా అని అడిగింది. ఇక దాచలేకపోయాను. ఆవిడ బీరకాయలు చెక్కు తీస్తూ ఉంటే ఎదురుగా బల్లమీద కూర్చుని అంతా చెప్పాను. ఇరవై నాలుగూ నేనే రాశానని కూడా చెప్పాను. నరసరాజు గారి సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ చేయి ఆగింది. చేతులు కడుక్కుని వచ్చి ఫారం ఇమ్మంది.

ఇచ్చాను. పెన్ను మూడో గడి మీదికి తీసుకెళ్ళింది. నాకు కావలసింది అదే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఉప్పు ఏమైపోయినా నాకు పట్టలేదు. ఆవిడ పెన్ను అలాగే పట్టుకుని కాసేపు ఉండి, మూత పెట్టేసింది.

"రాసేద్దామనే అనుకున్నానండి. షెడ్డు పోతే నాకు మాత్రం ఎక్కడుంది? కానండి, నా దగ్గర తిన్నోళ్ళు నేను సరిపోయిందంటే సరిపోయిందని నమ్ముతారు. ఉప్పు లేందాన్ని ఉందని ఎలా రాత్తానండి?"

మళ్ళీ బీరకాయల ముందు కూర్చుంది. నేను అక్కడే ఉండిపోయాను.

మర్నాటినుంచి జరిగింది నేను చెయ్యమన్నది కాదు. మెస్సులో తినేవాళ్ళకు సంగతి తెలిసిపోయింది. ఇంత రభసకు కారణమైన పుస్తకంలో ఏముందో చూద్దామని మొదట ఇద్దరు కండక్టర్లు వచ్చారు. తర్వాత కోర్టు బెంచి గుమాస్తా. ఇరవై అయిదు ప్రతులూ రెండు రోజుల్లో షెడ్డుకు చేరాయి. భోజనాలయ్యాక ఒకరు పైకి చదివేవారు, మిగతావాళ్ళు వినేవారు. బస్టాండులో పూలమ్మే ఆవిడకు చదువు రాదు. ఆవిడా బుట్ట దించి కూర్చునేది. పందొమ్మిదేళ్ళలో నా గ్రంథాలయం నుంచి వెళ్ళిన పుస్తకం గురించి ఇద్దరు మనుషులు పోట్లాడుకోవడం నేనప్పుడే చూశాను. గుమ్మంలో నిలబడి వింటుంటే నాకు ఏదో అయింది. అది సంతోషమో బాధో తెలియలేదు.

తమ అభిప్రాయాలు కూడా రాస్తామన్నారు. ఫారాలు అయిపోయాయని అబద్ధం చెప్పి, ఒక నోటుబుక్కు ఇచ్చాను. ఒక కండక్టరు, పులుసు అన్నారు గాని చింతపండు లేదని రాశాడు. పాలు పోసే వీరన్న జున్ను గురించి ఒకటిన్నర పేజీ రాశాడు. బెంచి గుమాస్తా విషయసూచికలో ఏడు తప్పులు పట్టాడు. పూలమ్మే ఆవిడ చెబితే వేరొకరు రాసిపెట్టారు. ఇన్ని వంటలు చేసిన మనిషి ఒక్కసారైనా కూర్చుని తిన్నట్టు ఎక్కడా లేదు, అని. కాకినాడ సర్వీసు తోలే సత్తిరాజుకు రెండేళ్ళ కిందట భార్య పోయింది. అతనికి నచ్చింది ఒక్కరే ఉన్నరోజు వండుకోవలసిన వంటల అధ్యాయం. "ఒక్కడికి వండుకోవడం గురించి పుస్తకాల్లో రాస్తారని నాకు తెలియదు. గుడ్డు అట్టు చేసుకున్నాను. పళ్ళెం పెట్టుకుని కూర్చుని తిన్నాను," అని రాశాడు. అది చదివి నేను రాసిన ఇరవై నాలుగూ గుర్తొచ్చి నోటుబుక్కు మూసేశాను.

పద్నాలుగో తేదీన చక్రవర్తి గారు శాలువా, పూలదండ, నోటీసు కాగితం మూడూ తెచ్చుకున్నారు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. నాలుగు పేజీలు తిరగేసి, "ఇవి అభిప్రాయాలు కావు. మాటలు," అని పక్కకు నెట్టారు. ఇరవై నలుగురు ఎక్కడని అడిగారు. నరసరాజు గారి కోసం కారు పంపుతానన్నారు. ముందు ఈ పని కానివ్వమని నోటీసు నా ముందుకు జరిపి పెన్ను ఇచ్చారు. చెల్లాయమ్మ గారు షెడ్డు లోపలినుంచి రాలేదు. భోజనాల వేళ అది. గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది.

నేను పెన్ను మూత తియ్యలేదు. లేచి నిలబడ్డాను.

"అయ్యా, నేను పంపిన ఇరవై అయిదింటిలో నిజమైనది ఆవిడ రాసిన ఒక్కటే. మిగతావన్నీ నేను రాసినవి. నరసరాజు గారు చనిపోయి ఆరేళ్ళయింది. నామీద చర్య తీసుకోండి. షెడ్డు జోలికి వెళ్ళకండి."

ఆయన శాలువా మీద చేయి పెట్టుకుని కూర్చున్నారు. సస్పెన్షన్ అక్కడే రాస్తారనుకున్నాను. ఇంటికి ఫోను చేసి భార్యకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. ఆయన తలెత్తి, నేను ఎన్నడూ ఊహించని ప్రశ్న అడిగారు.

"అంటే, నరసరాజు గారి అభిప్రాయం ఇక మారే అవకాశం లేదన్నమాట?"

లేదండి అన్నాను.

"వివరణలు అడిగే అవకాశం?"

అదీ లేదన్నాను. ఆయన డైరీ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. రాస్తున్నకొద్దీ ఆయన మొహంలో ఏదో వెలుగు. నోటీసు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. చెల్లాయమ్మ గారి దగ్గర భోజనం చేసి, జీపెక్కి వెళ్ళిపోయారు.

నవంబరులో కొత్త సర్క్యులర్ వచ్చింది. సజీవ పాఠకుల అభిప్రాయములు క్షణికములు, పరస్పర విరుద్ధములు, తరచు వివరములతో కూడినవి అని శాఖ గుర్తించింది. దివంగత పాఠకుల అభిప్రాయములు స్థిరములు, నిర్వివాదములు. కావున ఇకమీదట పాఠకాభిప్రాయాలను మరణ ధ్రువీకరణ పత్రం ఉన్న సభ్యులనుండి మాత్రమే సేకరించాలి. వీరిని శాశ్వత పాఠకులు అని వ్యవహరించాలి. సదరు చెల్లాయమ్మ సజీవురాలైనందున ఆమె అభిప్రాయం పరిగణనార్హం కాదు. ఆ కారణంగా షెడ్డుకు సంబంధించిన ఫైలు మూసివేయడమైనది. సభ అనుకున్న తేదీకి కాకపోయినా ఘనంగా జరిగింది. నూటికి నూరుపాళ్ళు ప్రకటించారు. ఈ విధానానికి తొలి బాట వేసినందుకు నన్ను వేదిక మీదికి పిలిచి, ఆ శాలువా నాకే కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. శిక్ష పడి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేదనిపించింది.

ఆ శాలువా నా దగ్గర ఉంచుకోలేకపోయాను. నరసరాజు గారి ఇంటికి పట్టుకెళ్ళి, ఆయన భార్య ముందు పెట్టి, జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను. పెద్దావిడ శాలువా వైపు చూడలేదు. ఏ పేజీ అన్నారు అని అడిగింది. నూట పన్నెండు అన్నాను.

"ఆయనుంటే మొదటిరోజే గీత పెట్టేవారండి," అంది.

ఇప్పుడు నా పని మధ్యాహ్నం దాకా మునిసిపాలిటీ జనన మరణాల విభాగంలో. ధ్రువీకరణ పత్రాల నకళ్ళు తీసుకుని, వచ్చిన ప్రతి కొత్త పుస్తకం మీదా వాళ్ళ పేరున రాసిన అభిప్రాయాలకు జతచేసి పంపుతున్నాను. పెన్నులు కొనక్కర్లేకుండా శాఖే సరఫరా చేస్తోంది. మధ్యాహ్నం తర్వాత తలుపులు తెరిచి ఉంచుతాను. షెడ్డులోంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. సత్తిరాజు ప్రయాణాల పుస్తకాలు అడుగుతాడు. బెంచి గుమాస్తా పెన్సిలు తెచ్చుకుంటాడు.

మొన్న చెల్లాయమ్మ గారు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వంటల పుస్తకం వద్దంది. ఏదైనా కథ కావాలంది. అరల మధ్య అరగంట తిరిగి, అట్ట ఊడిన ఒక లావుపాటి నవల కిందినుంచి లాగి తెచ్చింది. రిజిస్టరులో సంతకం పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఇది చదివాక ఎలా ఉందో మళ్ళీ రాయమంటారా?"

"మీరు ప్రాణాలతో ఉన్నంతకాలం అక్కర్లేదండి," అన్నాను.

ఆవిడ నవ్వడం నేను తక్కువసార్లు చూశాను.

"అయితే నిమ్మళంగా చదువుకోవచ్చన్నమాట," అని పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళింది.